మూడుసార్లు ‘సరే సార్’: ఎంబీఏ ఎలక్టివ్‌ల ఎంపికలో ఒక కేసు

విజయనగరం దగ్గర ఒక కాలేజీలో ఎంబీఏ పాఠాలు చెబుతాను. మా విభాగంలో ఎలక్టివ్‌ల, అంటే విద్యార్థులే ఎంచుకునే సబ్జెక్టుల, పని కూడా నాదే. ఫారాలు తీసుకోవడం, సందేహం ఉన్నవాళ్లతో మాట్లాడటం, ఏ సబ్జెక్టు నడుస్తుందో ఏది నడవదో తేల్చడం నేనే చూస్తాను. ఇక్కడ రాస్తున్నది ఒక విద్యార్థిని కేసు. రాసే ముందు ఆమెను అడిగాను, రాశాక చదివి వినిపించాను. ఊరు, సంవత్సరం, మనిషిని గుర్తుపట్టించే వివరాలు తీసేశాను. ఒకటి రెండు చోట్ల మార్చాను కూడా. నేనిచ్చిన ఒక సలహా వల్ల, ఈ చదువుతో ఏ సంబంధమూ లేని ఒక మనిషి పని పోయింది. ఎలక్టివ్‌ల గురించి పిల్లలకు సలహాలిచ్చే తోటి ఉపాధ్యాయులకు ఆ సంగతి తెలియాలనే రాస్తున్నాను.

నేపథ్యం

రెండేళ్ల ఎంబీఏలో మొదటి రెండు సెమిస్టర్లు అందరికీ ఒకే పాఠాలు. అకౌంటింగ్, ఎకనామిక్స్, మార్కెటింగ్, హెచ్‌ఆర్ (మానవ వనరులు), ఫైనాన్స్ అన్నీ కొంచెం కొంచెం చెబుతాం. వేసవిలో ఇంటర్న్‌షిప్. అప్పట్లో మూడో సెమిస్టర్ మొదలయ్యే వారంలో ఎలక్టివ్ ఫారం చేతికిచ్చేవాళ్లం. రెండు స్పెషలైజేషన్లు ఎంచుకోవాలి. వాటి కింద మూడో సెమిస్టర్‌లో నాలుగు, నాలుగో సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు ఉంటాయి. చివరి ప్రాజెక్టు కూడా ఆ రెండింటిలో ఒకదాని మీదే చేయాలి. ఏడాది చదువు, ప్రాజెక్టు, ఉద్యోగం ఇంటర్వ్యూలో వచ్చే మొదటి ప్రశ్న, ఇన్నీ ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడి ఉంటాయి. అది నింపడానికి మేమిచ్చిన గడువు మూడు రోజులు.

ఒక స్పెషలైజేషన్ నడవాలంటే మా దగ్గర కనీసం పదిమంది ఉండాలి. ఉన్న ఉపాధ్యాయులు తక్కువ కాబట్టి ఆ నియమం పెట్టుకున్నాం. ఆ బ్యాచ్‌లో 54 మంది ఉంటే 46 మంది ఫైనాన్స్, హెచ్‌ఆర్ జంట తీసుకున్నారు. ఏటా జరిగేది దాదాపు ఇదే. ఫైనాన్స్ అంటే ఇంట్లోవాళ్లకు బ్యాంకు ఉద్యోగం కనబడుతుంది. హెచ్‌ఆర్ అంటే లెక్కలుండవు, థియరీ రాసుకోవచ్చు, సీనియర్ల నోట్సు జిరాక్స్ షాపులో దొరుకుతుంది. మార్కెటింగ్ పేరెత్తితే మాత్రం ‘ఎండలో తిరగాలి, టార్గెట్లుంటాయి’ అంటారు. అమ్మాయిల ఇళ్లలో ఆ మాట ఇంకాస్త గట్టిగా వినబడుతుంది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో ఎక్కువ భాగం ఇచ్చేవి అమ్మకాల ఉద్యోగాలే అని ఎన్నిసార్లు చెప్పినా ఫారం దగ్గరికి వచ్చేసరికి టిక్కు ఆ రెండింటికే పడుతుంది.

ఈ అమ్మాయిది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. బీకాం చేసి ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి వచ్చింది. హాస్టల్‌లో ఉండేది. వాళ్లమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పొర తీసే పని చేస్తుంది, కిలోకి ఇంత అని కూలి. హాస్టల్ ఫీజు కోసం డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకున్నారు. ఇవేవీ నాకు మొదట తెలియవు. నాకు తెలిసిందల్లా మొదటి రెండు సెమిస్టర్లలో అన్నీ ఒక్కసారికే పాసైన, క్లాసులో మూడో బెంచీలో కూర్చునే, ఎప్పుడూ ఏమీ అడగని అమ్మాయి అనే.

వచ్చిన సమస్య

మూడో సెమిస్టర్ మొదలై నెల దాటాక నా గదికి వచ్చింది. ఫైనాన్స్ తీసేసి మార్కెటింగ్ ఇప్పించమంది. అప్పటికి జాబితాలు యూనివర్సిటీకి వెళ్లిపోయాయి. పైగా మార్కెటింగ్‌కి ఆరుగురే రావడంతో ఆ ఏడాది అది నడవలేదు. ఎందుకు మారాలనుకుంటున్నావని అడిగితే, “సెక్యూరిటీ అనాలిసిస్ అర్థం కావట్లేదు సార్” అంది.

మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు చూశాను. షేర్ల లాంటి పెట్టుబడుల విలువ లెక్కగట్టే ఆ ఫైనాన్స్ సబ్జెక్టులో 30కి 9. మిగతా వాటిలో 20 పైనే. నా మనసులో కేసు అక్కడికే తేలిపోయింది. బీకాం పిల్ల కాబట్టి అకౌంట్స్ వస్తాయి, స్టాండర్డ్ డీవియేషన్, బీటా లాంటి గణాంకాల దగ్గర భయపడుతోంది, ఆ భయం పోగొడితే చాలు అనుకున్నాను. ఏటా ఇలాంటివాళ్లు ఐదారుగురు వస్తారు. వాళ్లలో చాలామందికి నిజంగానే సమస్య అదే. అందుకే ఇంకో ప్రశ్న అడగాలనిపించలేదు.

మార్చడం కుదరదమ్మా, సాయంత్రం ల్యాబ్‌లో ప్రత్యేకంగా చెప్పిస్తాను అన్నాను.

“సరే సార్” అని వెళ్లిపోయింది.

మొదట చేసింది, అది ఎందుకు చాల్లేదు

ఇంజనీరింగ్ చదివి ఎంబీఏకి వచ్చిన ఒక క్లాస్‌మేట్‌ను ఆమెకు జత చేశాను. వారానికి మూడు సాయంత్రాలు ఎక్సెల్‌లో షేర్ల పాత ధరలు వేసుకుని, రాబడి ఎంత, ఆ రాబడి సగటు నుంచి ఎంత అటూఇటూ ఊగుతోంది (స్టాండర్డ్ డీవియేషన్), మార్కెట్టు ఒక శాతం కదిలితే ఈ షేరు ఎంత కదులుతోంది (బీటా), ఇవన్నీ చేత్తో చేయించాం. సూత్రం బట్టీ పట్టించకుండా ముందు అంకెలు పట్టుకోనిచ్చాం. రెండో మిడ్‌లో 21 వచ్చింది.

చికిత్స పనిచేసిందని రాసుకుని ఫైలు మూసేయవచ్చు. కానీ ఆ మార్కులు వచ్చిన వారమే మళ్లీ వచ్చి, అదే మాట అడిగింది, ఫైనాన్స్ వద్దని. నా నిర్ధారణ తప్పని నాకప్పుడు తెలిసింది. అర్థం కాకపోవడమే కారణమైతే, అర్థమయ్యాక ఆ కోరిక పోవాలి కదా. మార్కులు పెరిగినా కోరిక అలాగే ఉందంటే, మొదటిసారి ఆమె చెప్పింది కారణం కాదు, నేను ఒప్పుకుంటానని ఆమె అనుకున్న కారణం. మా పిల్లలు ఉపాధ్యాయుడి దగ్గరికి వచ్చేటప్పుడు ముందే ఆలోచించుకుంటారు, ఏం చెబితే సారు కోప్పడరు, ఏం చెబితే తొందరగా ఒప్పుకుంటారు అని. ‘రావట్లేదు’ అనడం సులువు. ‘నాకు ఇంకోటి తెలుసుకోవాలని ఉంది’ అనడం వాళ్లకు పొగరుగా అనిపిస్తుంది.

ఈసారి గదిలో బల్లకి అటూఇటూ కూర్చోలేదు. ల్యాబ్ బయట మెట్ల మీద కూర్చుని, వేసవిలో ఇంటర్న్‌షిప్ ఎలా జరిగిందని అడిగాను. విజయనగరంలో ఒక సూపర్ మార్కెట్‌లో చేసింది. చాలాసేపు బిల్లింగ్ గురించీ స్టాకు గురించీ చెప్పాక, అసలు సంగతి దానంతటదే వచ్చింది.

“సార్, మా వైపు 80 కిలోల బస్తా ధర పడిపోయిందని రైతులు రోడ్డెక్కుతారు. నేను పనిచేసిన షాపులో మాత్రం పావుకిలో ప్యాకెట్ ధర ఒక్కసారి కూడా దిగలేదు. మధ్యలో ఆ డబ్బు ఎక్కడికెళ్లిపోతోంది సార్?”

పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. విద్యార్థి తనంతట తాను మోసుకొచ్చిన ఇంత మంచి ప్రశ్న నేను వినలేదు. ఉద్దానంలో జీడి పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కనే జరుగుతుంది. పంట మార్చి నుంచి మే, జూన్ దాకా చేతికొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలు కూలిపోయాయి. ఆ అమ్మాయి అప్పుడు ఇంటర్. తోట పోయిన ఇళ్లు, తోట లేకపోయినా తోట మీద బతికే ఇళ్లు, రెండూ చూసింది. ఆ ప్రశ్నకు మార్కెటింగ్‌లో జవాబు దొరుకుతుందని ఆమె నమ్మకం. మొదటి ఏడాది మార్కెటింగ్ పాఠంలో పంపిణీ మార్గాల గురించి, సరుకు చేతులు మారడం గురించి విన్నది కాబట్టి ఆ నమ్మకంలో అర్థముంది.

నా ఉత్సాహం, దాని ఫలితం

మార్కెటింగ్ నడవట్లేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే ‘స్వయం’ వేదికలో ఆన్‌లైన్ కోర్సు గురించి ఆలోచించాను. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. కానీ ముందు యూనివర్సిటీ ఆ కోర్సును ఒప్పుకోవాలి, కోర్సు తేదీలు మన సెమిస్టర్‌తో కలవాలి. అప్పటికి ఆ విడత ఎన్‌రోల్‌మెంట్ గడువు దాటింది. ఆ దారి వదిలేశాను.

తర్వాత నాకొక ఆలోచన వచ్చింది. అప్పట్లో అది చాలా గొప్పగా కనిపించింది. హెచ్‌ఆర్ స్పెషలైజేషన్‌లో కాంపెన్సేషన్ మేనేజ్‌మెంట్ అనే జీతభత్యాల సబ్జెక్టు ఉంది. అందులో పీస్ రేటు (చేసినంత పనికి అంత) కూలి పద్ధతులు వస్తాయి, టేలర్ పద్ధతి, మెరిక్ పద్ధతి అని. మా పిల్లలు వాటిని ఎక్కడో అమెరికా ఉక్కు ఫ్యాక్టరీల కథలా బట్టీ పడతారు. ఈ అమ్మాయి ఇంట్లోనే కిలో లెక్కన కూలి ఉంది. వాళ్లమ్మ పనిచేసే ఫ్యాక్టరీలోనే ప్రాజెక్టు చేస్తే సమాచారం సులువుగా దొరుకుతుంది, ఎవరూ రాయని సంగతి రాస్తుంది, పైగా బస్తా నుంచి ప్యాకెట్ దాకా ఉన్న దారిలో కూలి వాటా ఎంతో తేలుతుంది. ఆమె ప్రశ్నకు కూడా దగ్గరగానే ఉంది కదా అనుకున్నాను. హెచ్‌ఆర్ ప్రాజెక్టులంటే పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో ఉద్యోగుల సంతృప్తి మీద, ఏళ్ల తరబడి అవే ఇరవై ప్రశ్నలతో వస్తాయి. వాటిని చదివి చదివి విసిగిపోయిన నాకు ఇది వాన చినుకులా తోచింది.

చెప్పాను. ఆమె తల వంచుకుని కాసేపు చున్నీ అంచు మడతపెట్టింది. తర్వాత, “సరే సార్” అంది.

ఆ నిమిషం గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. సందేహించాలని నాకు తట్టలేదు. పిల్ల సిగ్గుపడుతోంది, అమ్మ పని గురించి నలుగురిలో మాట్లాడటానికి మొహమాటపడుతోంది, ఆ మొహమాటం పోగొట్టడం నా ధర్మం అనుకున్నాను. అది సిగ్గు కాదు, భయం. ఆ ఇంటికి కూలి ఎవరి చేతుల మీదుగా వస్తుందో ఆమెకు తెలుసు. నాకు తెలియదు.

ప్రశ్నావళి నేనే దిద్దాను. 35 ప్రశ్నలు. కాలేజీ లెటర్‌హెడ్ మీద అనుమతి పత్రం. పద్నాలుగో ప్రశ్న, ‘మీకు పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా?’ అని. కార్మిక చట్టాల పాఠం చెప్పేవాణ్ని నేనే. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట పీఎఫ్ చట్టం, పదిమంది ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తాయని క్లాసులో చెబుతాను. సీజన్‌ని బట్టి మనుషుల సంఖ్య మారే చిన్న యూనిట్‌లో ఆ ప్రశ్న కాగితం మీద కనబడితే యజమానికి ఏమనిపిస్తుందో ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పాఠ్యపుస్తకంలోంచి ప్రశ్నావళిలోకి దించేశాను.

ప్రాజెక్టు మొదలుపెట్టడానికి సంక్రాంతి సెలవులు వీలుగా ఉంటాయనుకున్నాం. భోగికి రెండు రోజుల ముందు ఆమె ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి వెళ్లింది.

కనుమ తర్వాత కాలేజీ తెరిచాం. ఆమె రాలేదు. ఫోను స్విచాఫ్. వారం చూశాం. తొమ్మిదో రోజు, హాస్టల్ చూసే మా మేడమ్, నేను కలిసి పలాస దాకా రైల్లో వెళ్లి, అక్కణ్నుంచి ఆటోలో ఆ ఊరికి చేరాం. నేనొక్కణ్నే వెళ్లకపోవడం మంచిదైంది. ఆడపిల్ల కోసం మగ లెక్చరర్ ఇంటికొచ్చాడంటే ఊళ్లో ఇంకో కథ పుట్టేది.

అప్పటికి జరిగింది ఇది. పండక్కి ముందు ఆమె నాలుగు ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడిగింది. మాట యజమాని దగ్గరికి చేరింది. పండగ తర్వాత పొర తీసే ఆడవాళ్లందరినీ పనికి పిలిచారు, వాళ్లమ్మను పిలవలేదు. ఎందుకని ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

అరుగు మీద మాకు కుర్చీలు వేసి, ఆవిడ గుమ్మంలో నిలబడే మాట్లాడింది. నేను తప్పైపోయిందమ్మా అనబోతుంటే మధ్యలోనే అందుకుంది.

“మా గుంటకి మార్కులు తగ్గిపోతాయేటి బాబూ? నా పనికేటి, ఇది కాకపోతే ఇంకోటి. అది సదువు మానేత్తానంటంది, అదే నాకు బెంగ.”

అమ్మాయి లోపలి గదిలోంచి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది. ఆ ప్రాజెక్టు ఇక్కడితో ఆపేద్దామా అని మేడమ్ అడిగారు. అప్పుడు విన్నాను, మొదటిసారిగా ఆ అమ్మాయి నోట ఆ మాట.

“నేను చెయ్యను సార్. వద్దు.”

తిరిగి వచ్చాక మా విభాగంలో ఒక చర్చ జరిగింది. యజమానికి ఫోన్ చేసి, ఇది చదువు కోసమే, ఫిర్యాదు కోసం కాదు అని చెబుదామని ఒకరన్నారు. సదుద్దేశమే. కానీ ఈసారి ముందు ఆ తల్లిని అడగాలన్నాను. మేడమ్ ఫోన్ చేసి అడిగితే, వద్దు అంది. కాలేజీ నుంచి ఫోన్ వస్తే విషయం ఇంకా పెద్దదవుతుందని ఆవిడ లెక్క. ఆ ఊరు, ఆ మనుషులు ఆవిడకు తెలిసినంత మాకు తెలియవు కాబట్టి ఆ మాటే పాటించాం. నిండిన నాలుగు ప్రశ్నావళులూ ఆ అమ్మాయికే తిరిగిచ్చాను. చించేసింది.

పని చేసింది ఏమిటి

ఫిబ్రవరిలో ఆమె తిరిగి వచ్చింది. నేను చేసిన మొదటి పని పాత ఫైల్లోంచి ఆమె ఎలక్టివ్ ఫారం తీసి చూడటం. ఫైనాన్స్ ఎదురుగా పెన్నుతో టిక్కు ఉంది. మార్కెటింగ్ ఎదురుగా పెన్సిల్‌తో పెట్టి, చెరిపేసిన గుర్తు ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. గడువు చివరి రోజు మార్కెటింగ్ పెట్టిన ఆరుగురినీ పిలిచి, ‘పదిమంది లేరు, నడవదు, మార్చుకోండి’ అని చెప్పింది నేనే. ఐదుగురు కాస్త వాదించారు. ఆరో మనిషి ‘సరే సార్’ అని రబ్బరు తీసింది. మూడుసార్లలో మొదటిది అదే. నెల తర్వాత ఆమె నా గదికి వచ్చినప్పుడు ఈ ఫారం తీసి చూసి ఉంటే, స్టాండర్డ్ డీవియేషన్ దాకా వెళ్లే పనే ఉండేది కాదు.

కొత్త ప్రాజెక్టు కోసం ఈసారి నేను ఏ సూచనా చేయలేదు. తెల్లకాగితం ఇచ్చి మూడు ప్రశ్నలకు జవాబు రాసుకు రమ్మన్నాం. నీకేం తెలుసుకోవాలని ఉంది? దానికి ఎవరిని అడగాలి? అడిగితే ఎవరికి కోపం వస్తుంది, ఆ కోపం ఎవరి కంచం మీద పడుతుంది? మూడోది మా మేడమ్ చేర్చారు. నాకు తట్టేది కాదు. వారం గడువిచ్చాం. జవాబు నా ఎదుట చెప్పక్కర్లేదని, కాగితం మేడమ్ గదిలో పెట్టి వెళ్లిపోవచ్చని చెప్పాం. నా ముఖం చూస్తూ ‘వద్దు’ అనడం ఆమెకు కష్టమని అప్పటికి నాకు అర్థమైంది. ఆ కష్టాన్ని నేను మాటలతో తీర్చలేను, పక్కకు తప్పుకోగలను.

ఆమె నాలుగు ప్రశ్నలు రాసి, మూడు తనే కొట్టేసింది. ఫ్యాక్టరీ కూలి, రైతుల అప్పులు, దళారుల కమీషన్, మూడింటికీ ఎదురుగా ఊళ్లో మనుషుల పేర్లు రాసి గీత పెట్టేసింది. మిగిలింది పాత ప్రశ్నే, కానీ రెండో కొస నుంచి. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల దుకాణాల్లో పప్పు ధర ఎలా కదులుతుంది, బస్తా ధరతో దానికి సంబంధం ఉందా అని. అడగాల్సింది దుకాణదారులను. వాళ్లకు కోపం వస్తే ఆమెకు ఒక ప్యాకెట్ అమ్మరు, అంతే.

ఏ స్పెషలైజేషన్ కింద చేస్తావంటే ఫైనాన్స్ అంది. ఆశ్చర్యపోయాను. కారణం కూడా కాగితం వెనకే రాసి ఉంది, ‘సరుకు మూడు నెలల్లో కొంటారు, ఏడాదంతా అమ్ముతారు, మధ్యలో డబ్బు ఎక్కడ ఉంటుంది?’ అని. అది వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకులో, అప్పుల్లో తిరుగుతూ ఉండే పెట్టుబడి, ప్రశ్న. మార్కెటింగ్‌లో వెతుకుదామనుకున్న దానికి సగం జవాబు తాను వదిలేద్దామనుకున్న సబ్జెక్టులో ఉందని ఎవరూ చెప్పకుండా పట్టుకుంది. నేను చెప్పి ఉంటే, అది మరో ‘సరే సార్’ అయ్యేది.

పది వారాలు వారానికి ఒకసారి ధరలు రాసుకుంది. బస్తా ధరల కోసం లైబ్రరీలో పాత దినపత్రికల శ్రీకాకుళం జిల్లా పేజీలు తిరగేసింది. ఒక హోల్‌సేల్ కిరాణా ఆయన మొదటి వారం కసురుకుని, మూడో వారానికి పేర్లు మూసిపెట్టి తన కొనుగోలు బిల్లులు చూపించాడు.

ఆమె రిపోర్టులోని అంకెలు ఇక్కడ వేయను. లెక్క తీరు తెలియడానికి గుండ్రటి అంకెలు తీసుకుంటాను. 80 కిలోల బస్తా 12,000 అనుకుందాం. అందులో పప్పు 20 కిలోలు వస్తే, కిలో పప్పుకి పిక్కల ఖర్చే 600. బస్తా 10,000కి పడితే అది 500 అవుతుంది. పావుకిలో ప్యాకెట్ మీద తగ్గాల్సింది 25 రూపాయలు. కానీ ధర పడిన రోజున గోదాముల్లో ఉన్నది పాత ధరకు కొన్న సరుకు. దాని మీద బ్యాంకు అప్పు ఉంది. 12 శాతం వడ్డీకి ఎనిమిది నెలలు నిల్వ ఉంటే 600 మీద వడ్డీ 48. కిలో మీద రావలసిన 100 తగ్గుదలలో దాదాపు సగం పాత సరుకు వడ్డీకే సరి. ఆ పైన రకాల తేడా. బస్తాలోంచి వచ్చిన పప్పంతా పెద్ద గుళ్లు కాదు. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గుళ్లు తూగే రకం. 180, 210 అంటే ఇంకా పెద్దవి. బద్దలు, ముక్కలు తక్కువ ధరకే పోతాయి కాబట్టి వాటి లోటును గుండు పప్పు మోయాలి. అన్నిటికన్నా పెద్ద సంగతి, పలాస ఫ్యాక్టరీలు ఉద్దానం పిక్కల మీదే నడవవు, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్కల మీద కూడా నడుస్తాయి. పప్పు ధరను నడిపేవాటిలో ఉద్దానం పంట ఒకటి మాత్రమే. తన ధరను తాను నిర్ణయించుకోలేని రైతు అందులో ఒక కొస.

బస్తా ధర ఎంత ఊగుతోంది, ప్యాకెట్ ధర ఎంత ఊగుతోంది అని పోల్చడానికి ఆమె వాడింది స్టాండర్డ్ డీవియేషనే. ల్యాబ్‌లో షేర్ల ధరలతో నేర్చుకున్నది. ఆ సాయంత్రాలు వృథా పోలేదని అప్పుడు తెలిసింది. ప్రశ్న చేతిలో లేకుండా ముందు పనిముట్టు ఇచ్చాం కాబట్టి మొదట ఆమెకది బరువైంది.

నేర్చుకున్నవి

మా ప్రాంతంలో, నా అనుభవంలో, విద్యార్థి ‘సరే సార్’ అన్నాడంటే సంభాషణ ముగించమని అర్థం. ఒప్పుకున్నాడని కాదు. పల్లె నుంచి వచ్చిన పిల్లలు, ముఖ్యంగా ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్లు పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పెరుగుతారు. వాళ్లకు ఎంపిక చేసుకునే హక్కు ఇచ్చామని మనం అనుకుంటాం. వద్దనే వీలు ఇవ్వనప్పుడు ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. ఇప్పుడు మా ఫారంలో ప్రతి స్పెషలైజేషన్ ఎదురుగా ‘వద్దు, ఎందుకంటే’ అన్న గడి ఉంది. దాన్ని రెండో సెమిస్టర్ చివర ఇచ్చి, వేసవి ఇంటర్న్‌షిప్ అయ్యాక తీసుకుంటున్నాం. పెన్సిల్‌తో నింపమనే చెబుతున్నాం. చెరిపిన గుర్తు కనబడితే పిలిచి మాట్లాడేది నేను కాదు, ఆ ఏడాది ఆ విద్యార్థికి పాఠం చెప్పని ఉపాధ్యాయులెవరైనా. సంఖ్య పదికి తగ్గినా మార్కెటింగ్ నడపాలని యాజమాన్యాన్ని అడిగాను. మరుసటి ఏడాది ఏడుగురితో నడిచింది.

సొంత ఊళ్లో, సొంత ఇంటి పని మీద ప్రాజెక్టు చేయించాలన్న ఆలోచనను పూర్తిగా వదల్లేదు. ఇక్కడి పిల్లలు ఇక్కడి జీడి, జనపనార, మామిడి మీద రాయకపోతే ఇంకెవరు రాస్తారు? కానీ మూడో ప్రశ్నకు జవాబు రాకముందు ఇప్పుడెవరికీ లెటర్‌హెడ్ ఇవ్వను. ఇంట్లోవాళ్లు ఎవరి దగ్గర కూలికి వెళతారో, ఆ చోట ప్రాజెక్టు ఇవ్వను. కార్మిక చట్టం ప్రశ్నలు ప్రశ్నావళిలో ఉండాలంటే, జవాబిచ్చేవాళ్లకు దాని వల్ల నష్టం రాదని నేను ముందు నమ్మాలి.

ఆ తల్లికి ఐదు వారాల తర్వాత వేరే ఫ్యాక్టరీలో పని దొరికింది, కాస్త దూరం నడవాలి. పోయిన కూలి నేను ఇస్తానని మేడమ్ ద్వారా కబురు పెట్టాను. తీసుకోలేదు. రెండోసారి అడగడం ఆవిడను ఇబ్బంది పెట్టడమే అవుతుందని మేడమ్ అంటే ఊరుకున్నాను.

మే నెలలో ప్రాజెక్టు మీద వైవా (మౌఖిక పరీక్ష) జరిగింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ రిపోర్టు తిరగేసి, ‘మీ ఊళ్లోనే ఇన్ని ఫ్యాక్టరీలుంటే ఒక్క ఫ్యాక్టరీ లెక్కలు కూడా తేలేదేం’ అని అడిగారు. నేను గోడ పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు చూడలేదు.

“తేవచ్చు సార్. వద్దనుకున్నాను” అంది.

ఆయన తలాడించి, వడ్డీ పట్టిక ఉన్న పేజీ తీసి, ఎనిమిది నెలలే ఎందుకు తీసుకున్నావని అడిగారు. ఆమె లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, మార్చి నుంచి నెలల పేర్లు రాయడం మొదలుపెట్టింది.